మిసిసిపీ నది మీద చిన్న పడవతో లాకులు దాటడం: విజయనగరం నుంచి అడిగిన వారికి సమాధానం

ప్రశ్నను ముందుగా నాలుగు ముక్కల్లో చెబుతాను. అడిగిన వారు విజయనగరంలో ఉంటారు, ఇటీవలే ఉద్యోగ విరమణ చేశారు. వారి అబ్బాయి అమెరికాలో సెయింట్ పాల్ నగరంలో ఉంటూ 22 అడుగుల మోటారు పడవ ఒకటి కొన్నాడు. వచ్చే సెప్టెంబరులో తల్లిదండ్రులను ఎక్కించుకొని మిసిసిపీ నది మీద నెమ్మదిగా సెయింట్ లూయిస్ దాకా దిగాలన్నది అతని కోరిక. దారి పొడవునా ఓడల కోసం కట్టిన లాకులు, అంటే నావలను ఎగువ నీటి మట్టం నుంచి దిగువ మట్టానికి దించే తలుపుల గదులు, ఉన్నాయని, వాటిలో వెయ్యి అడుగుల బార్జీల (చదునైన సరుకు పడవల) వరుసలు నడుస్తాయని విని, వాటిలోకి ఇంత చిన్న పడవను రానిస్తారా, ఈత రాని భార్యతో ఈ ప్రయాణం క్షేమమేనా, ఎన్నాళ్ళు పడుతుంది, మన నాగావళి, వంశధారల మీద ఇటువంటి ప్రయాణం ఎందుకు లేదు అని అడిగారు.

సూటిగా చెబితే, రానిస్తారు. రుసుము ఒక్క డాలరు కూడా ఉండదు. సెయింట్ పాల్ నుంచి సెయింట్ లూయిస్ దాకా మీరు దాటవలసిన లాకులు 26, దూరం దాదాపు 660 మైళ్ళు, అంటే వెయ్యి కిలోమీటర్ల పైమాటే. లాకు గదిలో ఉన్నంతసేపు మీ పడవ ఆ నదిలో మరెక్కడా లేనంత భద్రంగా ఉంటుంది. జాగ్రత్త పడవలసిన చోట్లు లాకు తలుపులకు బయట ఉన్నాయి: ఆనకట్టకు ఎగువన మనం వేచి ఉండే చోటి నీళ్ళు, గాలి లేచే వెడల్పాటి సరస్సు, నీటి కింద కనిపించని రాతిగోడలు, బార్జీలను తోసే పెద్ద టో బోట్లకు ఎదురయ్యే మలుపులు. ఈ నాలుగింటి దగ్గరా మనుషులను ప్రమాదంలోకి నెట్టేది తొందర. కాబట్టి కనీసం మూడు వారాలు చేతిలో ఉంచుకోండి. తిరుగు విమానానికి టిక్కెట్టు ఆ మూడు వారాలు ముగిసిన మరునాటికి కాకుండా మరో వారం తరువాతకు తీసుకోండి.

నాది శ్రీకాకుళం. ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళు ఐయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో, మిసిసిపీ ఒడ్డున ఉన్నాను. ఆ ఊరికి ఎదురుగానే 15వ నంబరు లాకు ఉంది, దానికి పది మైళ్ళ ఎగువన లెక్లెయిర్ దగ్గర 14వ లాకు ఉంది. సెలవు రోజుల్లో చిన్న పడవతో ఈ లాకుల్లో తిరిగాను, వేసవి సెలవుల్లో పై భాగం, కింది భాగం కూడా విడతలు విడతలుగా చూశాను. కింద చెప్పేదంతా ఆ అనుభవం నుంచే.

మొదట ఆ లాకులు అక్కడ ఎందుకున్నాయో తెలిస్తే మిగిలినవి సులువుగా బోధపడతాయి. పూర్వం ఎగువ మిసిసిపీ వేసవిలో ఇసుక మేటలు వేసి, చాలాచోట్ల మోకాలి లోతుకు తగ్గిపోయేది. బార్జీలు ఏడాదిలో ఎక్కువ కాలం నడవాలంటే కనీసం 9 అడుగుల లోతు కావాలని 1930లో అమెరికా ప్రభుత్వం ఒక పథకం ఆమోదించింది. ఆ దశాబ్దంలోనే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ అనే సైన్యపు ఇంజనీర్ల విభాగం నది పొడవునా ఆనకట్టలు కట్టి, ప్రతి ఆనకట్ట పక్కన ఒక లాకు పెట్టింది. ఇప్పటికీ వాటిని నడిపేది వారే. రెండు ఆనకట్టల మధ్య నిలిచిన నీటిని పూల్ అంటారు, 15వ ఆనకట్టకు ఎగువన ఉన్నది 15వ పూల్. అంటే మీరు దిగబోయేది ఏకధాటిగా పారే ఏరు కాదు, ఒకదాని కింద ఒకటిగా ఉన్న నిడుపాటి జలాశయాల వరుస.

లాకులో పంపులు ఉండవు. గోడల లోపల సొరంగాలు ఉంటాయి, వాటి కవాటాలు తెరిస్తే ఎగువ నీరు తనంతట తానే గదిలోకి వస్తుంది, లేదా గదిలోని నీరు దిగువకు పోతుంది. చాలా లాకుల గదులు 110 అడుగుల వెడల్పు, 600 అడుగుల పొడవు ఉంటాయి. మీరు దిగువకు వెళ్తున్నారు కనుక మీరు గదిలోకి ప్రవేశించేటప్పటికి అది నిండి ఉంటుంది. ఎగువ తలుపులు మూసుకుంటాయి, నీరు నెమ్మదిగా దిగుతుంది, పది పదిహేను నిమిషాల్లో దిగువ తలుపులు తెరుచుకుంటాయి. పైకి ఎక్కేవాళ్ళకు గది నిండేటప్పుడు కింద నుంచి నీరు పొంగి పడవ ఊగుతుంది, దిగేవాళ్ళకు ఆ బాధ దాదాపు ఉండదు. ఎగువ నుంచి దిగువకు రావాలన్న మీ అబ్బాయి నిర్ణయం ఈ ఒక్క కారణం చేతనే మంచిది. చాలా లాకుల్లో దిగుడు 5 నుంచి 16 అడుగుల లోపే. ఐయోవాలోని కియొకక్ అనే ఊరి దగ్గరి 19వ లాకులో మాత్రం 38 అడుగులు దిగుతారు. అక్కడి గది కూడా 1200 అడుగుల పొడవు, 1957 నుంచి వాడుకలో ఉంది.

ఇక అసలు పని, లాకు దగ్గరికి వెళ్ళడం. మైలు దూరం ఉండగానే వీహెచ్ఎఫ్ రేడియోలో (నావల వారు మాట్లాడుకునే రేడియో) పిలవాలి, అక్కడి లాకులు ఎక్కువగా 14వ ఛానెల్‌లో వింటాయి. "దిగువకు వెళ్ళే చిన్న పడవ, పొడవు 22 అడుగులు, ముగ్గురం ఉన్నాం" అని చెబితే చాలు, వాళ్ళు ఎంతసేపు ఆగాలో, ఏ గోడ వైపు రావాలో చెబుతారు. రేడియో లేకపోతే ఒక పొడవు, ఒక పొట్టి హారన్ ఊదవచ్చు. లాకులోకి దారి చూపే పొడవాటి గైడు గోడ చివర చిన్న పడవల కోసం లాగే తాడు కూడా చాలాచోట్ల ఉంటుంది. నా సలహా మాత్రం రేడియో కొనమనే. ఎరుపు దీపం ఉంటే దూరంగా ఉండాలి. పసుపు దీపం వెలిగితే దగ్గరికి రావచ్చు గాని లోపలికి కాదు. ఆకుపచ్చ వెలిగి ఒక పొడవు హారన్ వినిపించినప్పుడు మాత్రమే ప్రవేశించాలి, అదీ అలలు లేవనంత నెమ్మదిగా.

నిరీక్షణ గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి వెళ్ళేవారు విసిగిపోయేది ఇక్కడే. అక్కడ ఒక టో బోటు మామూలుగా 15 బార్జీలను తోసుకెళ్తుంది, వెడల్పున మూడు, పొడవున అయిదు. ఒక్కో బార్జీ 195 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు. మూడు కలిస్తే 105 అడుగులు, గది వెడల్పు 110. అంటే అటూ ఇటూ రెండున్నర అడుగుల సందుతో ఆ మొత్తాన్ని లోపలికి చేర్చాలి. పొడవు మాత్రం గదిలో పట్టదు. అందుకని ముందు తొమ్మిది బార్జీలను విడదీసి దించుతారు, తరువాత గదిని మళ్ళీ నింపి మిగతా ఆరు బార్జీలను, తోసే బోటును దించుతారు, దిగువన మళ్ళీ అన్నిటినీ కలిపి కట్టుకుంటారు. ఇదంతా గంటన్నర నుంచి రెండు గంటల పని. సెప్టెంబరు చివరికి మొక్కజొన్న, సోయా కోతలు మొదలై ధాన్యం బార్జీలు ఎక్కువవుతాయి. ప్రాధాన్య క్రమంలో ప్రభుత్వ నావలు, ప్రయాణికుల నావలు, సరుకు నావలు ముందు, మన వంటి విహార పడవలు చివర. అయితే మామూలు పరిస్థితుల్లో మూడు సరుకు వరుసలకు మించి చిన్న పడవను ఆపరాదన్న నియమం ఉంది. చమురు వంటి ప్రమాదకర సరుకు లేకపోతే వాటితో కలిపి కూడా పంపుతారు. ఆచరణలో రెండు వరుసల మధ్య గది ఖాళీగా తిరిగేటప్పుడు మనల్ని పంపించేస్తారు. ఒక్కోసారి పది నిమిషాల్లో దాటిపోతారు, ఒక్కోసారి మూడు గంటలు కూర్చుంటారు, రెండూ మామూలే. ఏ లాకు దగ్గర ఎన్ని టో బోట్లు వరుసలో ఉన్నాయో కోర్ ఆఫ్ ఇంజనీర్స్ వారి వెబ్‌సైటులో చూడవచ్చు. ఉదయం టీ తాగేటప్పుడు మీ అబ్బాయి అది చూసుకుంటే ఆ రోజు ఎక్కడ భోజనం చేయాలో తేలిపోతుంది.

ఎగువన వేచి ఉండేటప్పుడు ఎక్కడ ఉన్నామన్నదే ప్రాణం. దిగువకు వెళ్ళేవారికి ఈ మొత్తం ప్రయాణంలో ఇంతకంటే ముఖ్యమైన మాట లేదు. లాకు పక్కనే ఆనకట్ట గేట్ల కింద నుంచి నది నీరంతా పోతుంటుంది. ఎగువ గైడు గోడ చివర దగ్గర నీటి వడి ఏటవాలుగా ఆనకట్ట వైపు లాగుతుంది, దాన్ని అక్కడి వారు ఔట్‌డ్రాఫ్ట్ అంటారు. ఇంజను నడుస్తున్నంతవరకు అది పెద్ద విషయం కాదు. ఇంజను ఆగిపోయిందంటే మాత్రం పడవ ఎటు పోతుందో వేరే చెప్పనక్కరలేదు. అందుకే నేను ప్రతి ఆనకట్టకు రెండు మైళ్ళ ఎగువనే లంగరును బయటికి తీసి, దాని తాడు పడవకు గట్టిగా కట్టి ఉందో లేదో చేత్తో లాగి చూసుకొని, ముక్కు దగ్గర పెట్టుకునేవాడిని. ఇంజను దగ్గితే ఆలోచించకుండా లంగరు వేయాలి, ఆ తరువాతే ఇంజను మూత తీయాలి. ఎదురుచూసేటప్పుడు లాకు ఉన్న ఒడ్డు వైపునే, గోడకు బాగా ఎగువన, టో బోట్ల దారికి అడ్డం లేకుండా ఉండాలి. ఆనకట్టకు సాధారణంగా ఎగువన 600 అడుగులు, దిగువన 150 అడుగులు నిషిద్ధ ప్రాంతం. దిగువన గేట్ల కింద తిరగబడే నీరు పడవను గేటు వైపు వెనక్కి లాగుతుంది కాబట్టి అక్కడి హద్దును కూడా అంతే గౌరవించాలి. చేపలు బాగా పడతాయని అక్కడికి వెళ్ళి ఆ నీటిలో పోయినవారు ఉన్నారు.

గదిలోకి వెళ్ళాక చేయవలసింది ఒక్కటే, మోకు పట్టుకోవడం. పైనుంచి సిబ్బంది తాడు దించుతారు, లేదా మన తాడును గోడ మీది గుంజకు వేసి కొసను మనకే ఇస్తారు. పడవ ముందు ఒకరు, వెనుక ఒకరు పట్టుకోవాలి. తాడును పడవకు కట్టకూడదు. క్లీటు (తాడు చుట్టడానికి పడవ అంచున ఉండే కొక్కెం) చుట్టూ అర చుట్టు తిప్పి, కొసను చేతిలో ఉంచుకొని, నీరు దిగుతున్నకొద్దీ కొంచెం కొంచెంగా వదలాలి. పాలు విడిచే దూడ పగ్గం పట్టుకున్నట్టు పట్టుకోవాలి, చేతి నుంచి జారిపోకూడదు, బిగించి కట్టేయకూడదు. ముడి వేస్తే ఏమవుతుందో ఒకసారి 15వ లాకులో కళ్ళారా చూశాను. పక్క పడవలోని కుటుంబం ముందు తాడును ముడివేసి మాటల్లో పడిపోయింది. నీరు నాలుగైదు అడుగులు దిగేసరికి పడవ ముక్కు గాలిలో వేలాడి, వెనుక భాగం నీటిలో మునగసాగింది, ఆ బరువుకు ముడి ఎంత లాగినా ఊడలేదు. పైనున్న ఉద్యోగి కేక వేసి కవాటాలు మూయించాడు, పడవ యజమాని కత్తితో తాడు కోశాడు. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆనాటి నుంచి నేను పదునైన కత్తిని అందరికీ కనిపించే చోట, చేతికి అందేలా పెట్టడం నియమం చేసుకున్నాను. మీరూ అలాగే చేయండి.

మోకులు కనీసం 50 అడుగులవి రెండు ఉండాలి. గోడ కాంక్రీటు గరుకుగా, నాచు పట్టి ఉంటుంది, పడవకూ గోడకూ మధ్య వేలాడదీసే ఫెండర్లు నాలుగైనా కావాలి. గోడను చేత్తో నెట్టకండి, కాలితో అసలే నెట్టకండి. పడవ బరువు వేళ్ళ మీద పడితే ఎముకలు మిగలవు. తాడును చేతికి చుట్టుకోవడం కూడా అంతే ప్రమాదం. లోతైన కొన్ని లాకుల్లో గోడలోని గాడిలో నీటితో పాటు దిగే తేలియాడే గుంజలు ఉంటాయి; వాటికి తాడు వేసినా చూపు దాని మీదే ఉండాలి, ఎందుకంటే అవి అరుదుగా గాడిలో ఇరుక్కుంటాయి. కియొకక్‌లో ఎక్కడ పట్టుకోవాలో రేడియోలోనే అడగండి, ఓపికగా చెబుతారు. గదిలో పొయ్యి వెలిగించడం, సిగరెట్టు కాల్చడం నిషిద్ధం, పక్కనే పెట్రోలు పడవలు ఉంటాయి. మీ పడవ ఇంజను లోపలి రకమైతే, మళ్ళీ స్టార్టు చేసే ముందు ఇంజను గదిలోని పెట్రోలు ఆవిరిని బయటికి తోసే బ్లోయరును నాలుగు నిమిషాలు నడపాలి. దిగువ తలుపులు పూర్తిగా తెరుచుకొని, ఒక పొట్టి హారన్ విన్నాకనే మోకు వదలాలి.

మీ శ్రీమతి గారి సంగతి. ఈత రాకపోవడం ఈ ప్రయాణానికి అడ్డంకి కాదు, లైఫ్ జాకెట్టు వేసుకోవడానికి మొహమాటపడటం మాత్రం అడ్డంకి. ఆ నదిలో పడినవారికి ఈత వచ్చినా చల్లని నీరు, వడి, బట్టల బరువు కలిసి కొద్ది నిమిషాల్లో శక్తి లాగేస్తాయి. పడవ కదిలినంతసేపు ముగ్గురూ జాకెట్టు తొడుక్కునే ఉండాలి, లాకులో సిబ్బంది ఎలాగూ వేసుకోమంటారు. చీర మీద వేసుకునే జాకెట్టు నడుము దగ్గర పట్టీ సరిగా బిగవదు, పైగా కుచ్చిళ్ళు క్లీట్లకు తగులుకుంటాయి. పడవ మీద సల్వారో, ప్యాంటో వేసుకోమని చెప్పండి. నా భార్యకు కూడా ఈత రాదు. మొదట్లో ఆమె లాకు గదిలో కళ్ళు మూసుకొని కూర్చునేది. వెనుక మోకు బాధ్యత ఆమెకు అప్పగించిన తరువాత ఆ భయం పోయింది. చేతిలో పని ఉన్న మనిషికి నీరు ఎంత దిగిందో, తాడు ఎంత వదలాలో తప్ప వేరే ఆలోచన రాదు. మీరూ మీ శ్రీమతి గారిని ఊరికే ప్రయాణికురాలిగా కూర్చోబెట్టకండి.

లాకుల మధ్య నది గురించి ఇప్పుడు చెబుతాను. 1930కి ముందే, నీటిని నడిదారికి తోయడానికి ఒడ్డు నుంచి లోపలికి రాళ్ళతో, చెట్ల కొమ్మల చాపలతో వేలాది అడ్డుగోడలు కట్టారు, వాటిని వింగ్ డ్యాములు అంటారు. ఆనకట్టలతో నీటి మట్టం పెరిగాక అవి మునిగిపోయి, ఇప్పుడు కొన్ని అడుగుల లోతులోనే ఉన్నాయి. పైన సన్నని ముడతల గీత తప్ప మరో గుర్తు ఉండదు. పూల్ కింది భాగంలో నీరు సరస్సులా విశాలంగా కనిపించి మోసం చేస్తుంది, అక్కడ మునిగిన అడవుల మోడులు ఉన్నాయి. కాబట్టి దారి హద్దులు చూపే తేలే గుర్తుల, అంటే బోయాల, మధ్యనే నడవాలి: దిగువకు వెళ్ళేటప్పుడు ఎర్రవి ఎడమ చేతి వైపు, ఆకుపచ్చవి కుడి చేతి వైపు ఉండాలి. కోర్ వారు నది పటాలను ఉచితంగా ఇస్తారు. ఫోనులో ఎంత మంచి యాప్ ఉన్నా అచ్చు పటం ఒకటి పడవలో ఉండాలి.

టో బోటు ఎదురైతే దారి మనమే ఇవ్వాలి. దాని ముందు వందల అడుగుల మేర చుక్కానిదారుడికి నీరు కనిపించదు, ఆపాలన్నా మైలు దూరం పట్టవచ్చు, మలుపుల్లో వెనుక భాగం బయటి ఒడ్డు వైపు జారుతుంది. 13వ ఛానెల్‌లో పిలిచి ఏ పక్క నుంచి వెళ్ళమంటారని అడగండి. "వన్ విజిల్" అంటే ఎదురెదురుగా వచ్చే రెండు నావలూ ఎడమ పక్కలను ఒకదానికొకటి చూపిస్తూ దాటడం. ఆ సరంగులు మర్యాదస్తులు. ముందుగా మాట్లాడిన చిన్న పడవను గౌరవిస్తారు, చెప్పకుండా అడ్డం వచ్చిన పడవ మీద కోపగించుకుంటారు, అందులో న్యాయం ఉంది. దాటిన తరువాత వెనుక లేచే పెద్ద అలలను పక్క నుంచి తగలనివ్వకుండా ముక్కుతో ఎదుర్కోండి.

3వ, 4వ లాకుల మధ్య పెపిన్ సరస్సు ఉంది. చిప్పెవా అనే ఉపనది తెచ్చిపోసిన ఇసుక మిసిసిపీకి అడ్డుపడి ఏర్పడిన సహజమైన సరస్సు అది, పొడవు దాదాపు 22 మైళ్ళు, వెడల్పు కొన్నిచోట్ల రెండు మైళ్ళ పైన. గాలి సరస్సు పొడవునా వీస్తే చిన్న పడవను ముంచే అలలు లేస్తాయి. 1890 జూలై 13న సీ వింగ్ అనే ఆవిరి పడవ అక్కడ తుఫాను గాలికి తిరగబడి 98 మంది చనిపోయారు. దీనికి మందు చాలా సులువు. ముందు రోజు సాయంత్రం సరస్సు ఎగువ అంచున రెడ్ వింగ్ ప్రాంతంలో ఆగి, మరునాడు తెల్లవారి గాలి లేవకముందే దాటేయాలి. గాలి ఉంటే ఆ రోజు ఆగిపోవాలి. ఆగిన రోజు వృథా అయిందని మీ అబ్బాయికి అనిపిస్తుంది, ఆ మాట ఒప్పుకోకండి. అయితే శరత్కాలపు ఉదయాల్లో నది మీద పొగమంచు కూడా ఉంటుంది. మంచు ఉంటే మంచు తేలిపోయేదాకా కదలరాదు. గాలి, మంచు రెండూ లేని గడియ కోసం కాచుకోవడమే ఆ సరస్సు దగ్గర చేయగలిగింది.

రోజుల లెక్క ఇలా వేయండి. నెమ్మదిగా వెళ్ళే పడవ గంటకు ఎనిమిది మైళ్ళు నడుస్తుంది, రోజుకు ఒకటి రెండు లాకులు వస్తాయి, చీకటి పడ్డాక నడవకూడదు, ఎందుకంటే తేలే దుంగలు కనిపించవు. రోజుకు 35 మైళ్ళకు మించి పెట్టుకోకపోతే దాదాపు 19 రోజులు నడక, పైన గాలికి, వానకు, అలసటకు కొన్ని రోజులు. రాత్రిళ్ళు బోయాల దారికి బయట, లంక వెనుక లంగరు వేసి, లంగరు దీపం వెలిగించాలి. పై సగంలో పూడిక తీసి పోసిన ఇసుక తిన్నెలు ఎన్నో ఉన్నాయి, పడవను వాటి మీదికి ఆనించి అక్కడే అన్నం వండుకోవచ్చు. పెట్రోలు సగం ట్యాంకు ఉండగానే నింపుకోండి, డావెన్‌పోర్ట్ దిగువన మెరీనాలు (చిన్న పడవల రేవులు) దూరదూరంగా ఉంటాయి. సెప్టెంబరు మంచి నెల. వసంతకాలపు వరద తగ్గి ఉంటుంది, చలికాలానికి పై లాకులు మూసే సమయం ఇంకా రాదు. అసాధారణమైన వానలు పడితే మాత్రం మొత్తం నది ఆగిపోగలదు, 1993 వేసవి వరదలో నెలకు పైగా పడవలు నడవలేదు.

వబాషా నుంచి రాక్ ఐలాండ్ దాకా 261 మైళ్ళ పొడవున 1924లో ఏర్పడిన పక్షుల, చేపల అభయారణ్యం ఉంది. శరత్కాలంలో తెల్ల పెలికాన్లు ఆనకట్టల దిగువన గుంపులుగా దిగుతాయి. మన టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో పెలికాన్లను చూసినవారికి ఆ రెక్కల తీరు వెంటనే పోల్చుకోవడానికి వీలవుతుంది. మైళ్ళు లెక్కపెట్టే పడవ నుంచి ఇవేవీ కనిపించవు.

మన నదుల ప్రశ్నకు వస్తాను. నాగావళి, వంశధార రెండూ 250 కిలోమీటర్లకు అటూ ఇటూ పొడవున్న పొట్టి నదులు, ఒడిశా కొండల్లో పుట్టి నిటారుగా దిగుతాయి. కొండల్లో వాన పడితే ఒకటి రెండు రోజుల్లో ఒడ్డులు ఒరుసుకుంటూ వస్తాయి, వేసవిలో ఇసుక తేలుతుంది. హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీ, నాగావళి మీది తోటపల్లి బ్యారేజీ పొలాలకు నీరు మళ్ళించడానికి కట్టినవి, పడవలను ఎక్కించి దించడం వాటి ఉద్దేశం కాదు. నీటిని రెండు వేర్వేరు మట్టాల్లో ఏడాది పొడవునా నిలిపే నది, దాని మీద నడిచే సరుకు, రెండూ ఉన్న చోటే లాకు నిలుస్తుంది. తెలుగు నేల మీద అటువంటి చోటు గోదావరి, కృష్ణా డెల్టాలు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పుడు, సాగునీటి కాలువలనే పడవ దారులుగా కూడా వాడేలా వాటి మీద లాకులు కట్టించారు. కాకినాడ వైపు, ఏలూరు మీదుగా బెజవాడ వైపు సరుకు పడవలు ఆ లాకులు దాటే నడిచేవి, ఊళ్ళలో లాకుల పేర్లు ఇప్పటికీ నిలిచాయి. మన దేశంలో ఓడల లాకు చూడాలంటే పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా ఉంది. 1975లో ప్రారంభమైన బ్యారేజీ పక్కన, 38 కిలోమీటర్ల ఫీడర్ కాలువతో, ప్రయాగరాజ్ నుంచి హల్దియా దాకా 1620 కిలోమీటర్ల మొదటి జాతీయ జలమార్గంలో భాగంగా అది పనిచేస్తుంది. మీరు అమెరికా బయలుదేరే ముందు ఒకరోజు ఇద్దరూ కలిసి ధవళేశ్వరం వెళ్ళి, లాకు తలుపులు ఎగువకు కోణం చేసి ఎలా కలుస్తాయో, నీటి బరువే వాటిని ఎలా బిగిస్తుందో చూసి రండి. యంత్రం అర్థమైతే అక్కడ గదిలో నిలబడినప్పుడు గుండె నిబ్బరంగా ఉంటుంది.

చివరి అంకం గురించి మీ అబ్బాయికి ప్రత్యేకంగా చెప్పండి. ఆల్టన్ దగ్గరి మెల్విన్ ప్రైస్ లాకుకు దిగువన మిసౌరీ నది వచ్చి కలుస్తుంది, వడి పెరుగుతుంది, దుంగలు కొట్టుకొస్తాయి. ఆ తరువాత నది రెండుగా చీలే చోట తప్పకుండా ఎడమవైపు చెయిన్ ఆఫ్ రాక్స్ కాలువలోకి తిరగాలి, 27వ లాకు అక్కడే ఉంది. కుడివైపు నదిలోనే పోతే రాళ్ళ ఆనకట్ట మీద పడతారు. సెయింట్ లూయిస్ రేవు సరుకు బార్జీలతో నిండి ఉంటుంది, చిన్న పడవను కట్టుకోవడానికి అనువైన చోటు దొరకడం కష్టం. సెయింట్ లూయిస్ చూడాలన్న కోరికే గాని పడవలోనే చేరాలన్న పట్టుదల లేకపోతే, మెల్విన్ ప్రైస్‌కు ఎగువన ఆల్టన్ మెరీనాలోనే ప్రయాణం ముగించి, పడవను ట్రైలరు మీదికి ఎక్కించి, నగరానికి కారులో వెళ్ళమని నా సలహా. అప్పుడు మీరు దాటే లాకులు 24 అవుతాయి.